కోర్సులో ఏముందో చెప్పి పంపండి: విదేశీ విద్యా కన్సల్టెన్సీలకు ఒక బహిరంగ లేఖ

అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, విజయవాడ బెంజిసర్కిల్, విశాఖ ద్వారకానగర్‌లలో విదేశీ విద్యా కన్సల్టెన్సీలు నడుపుతున్న యజమానులకు, వాటిలో పనిచేస్తున్న కౌన్సిలర్లకు,

నమస్కారం.

మీలో ఒకరి చేతుల మీదుగానే నేను 2022 సెప్టెంబరులో కెనడాలోని ఒంటారియో రాష్ట్రానికి వెళ్లాను. అక్కడ ఒక ప్రభుత్వ కాలేజీలో సాఫ్ట్‌వేర్ డెవలప్‌మెంట్‌లో రెండేళ్ల డిప్లొమా చదివి, 2024లో పూర్తిచేసి, ఇప్పుడు ఒక చిన్న సంస్థలో ప్రోగ్రామర్‌గా పనిచేస్తున్నాను. వీసా సవ్యంగానే వచ్చింది. కాలేజీ కూడా అసలైనదే. కాబట్టి మోసపోయినవాడి గోడుగా ఈ ఉత్తరాన్ని పక్కన పెట్టకండి. నా ఫిర్యాదు వేరు. బయలుదేరేముందు మీరు నాకు కెనడా గురించి చెప్పనిది లేదు, చదవబోయే చదువు గురించి తప్ప.

మీ టేబుల్ దగ్గర అడిగిన ప్రశ్నలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. బీటెక్ పర్సంటేజీ ఎంత? బ్యాక్‌లాగులు ఉన్నాయా? చదువుకు ఎన్నేళ్లు గ్యాప్ వచ్చింది? ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిషు పరీక్షలో ఏ విభాగంలోనైనా ఆరు కంటే తగ్గిందా? ఫండ్స్ ఎవరి పేరు మీద చూపిస్తారు? నాది మెకానికల్ ఇంజినీరింగ్. మొదటి సంవత్సరం సి ల్యాబు దాటి ప్రోగ్రామింగ్ ముఖం చూసింది లేదు. కోడు రాయడం నీకు నచ్చుతుందా అని ఒక్కరు కూడా అడగలేదు. కోర్సులో ఏయే సబ్జెక్టులు ఉంటాయని నేనే అడిగితే, “అన్నీ ఐటీ సబ్జెక్టులే, మెకానికల్ వాళ్లు ఎంతమంది చేయడం లేదూ” అన్నారు. అదే మా నాన్నగారు పీఆర్ (అక్కడ శాశ్వతంగా ఉండే హక్కు) సంగతి అడిగేసరికి కంప్యూటర్ తెర ఆయన వైపు తిప్పి మరీ పాయింట్ల లెక్క వివరించారు.

తప్పంతా మీదేనని అనను. తల్లిదండ్రులు అడిగేదీ అదే. పని గంటలు ఎన్ని, వర్క్ పర్మిట్ ఎన్నేళ్లు, పీఆర్ ఎప్పుడు? కట్నకానుకల దగ్గర మాటలన్నీ అయిపోయి, పెళ్లికొడుకు ఏం చేస్తుంటాడో అడగడం మరిచిపోయిన సంబంధంలా ఉంటుంది ఈ వ్యవహారం. అయితే రోజూ పదుల సంబంధాలు కుదిర్చేది మీరు. ఆ ప్రశ్న గుర్తుచేయాల్సింది కూడా మీరే.

మీరు చెప్పని ఆ చదువు ఎలా ఉంటుందో నేను చెబుతాను, వినండి.

మన దగ్గర ల్యాబు పరీక్ష అంటే ఏమిటో మీకు తెలుసు, మీలో చాలామంది ఇంజినీరింగ్ చదివినవారే. రికార్డులో ఉన్న ప్రోగ్రాములు కంఠస్థం చేయడం, చీటీలో ఏది వస్తే అది దించేయడం, ఎక్స్‌టర్నల్ వచ్చి రెండు ప్రశ్నలు వేసి సంతకం పెట్టడం. ఫైనలియర్ ప్రాజెక్టు సంగతి చెప్పనక్కర్లేదు. మీ ఆఫీసు మెట్లు దిగితే ప్రాజెక్టులు అమ్మే బోర్డులు వరసగా కనిపిస్తాయి. అలాంటి చోటు నుంచి వెళ్లిన పిల్లలకు అక్కడి మొదటి సెమిస్టరు చాలా గట్టిగా తగులుతుంది. అక్కడ వారం వారం అసైన్‌మెంట్ ఉంటుంది. అది సమర్పించడంతో పని అయిపోదు. మా జావా ప్రొఫెసర్ ల్యాబులో ఒక్కొక్కరి పక్కన కుర్చీ లాక్కుని కూర్చునేవారు. తెర మీద మన కోడు తెరిపించి, “ఈ లూపు చెరిపేసి, ఇదే పని ఇంకోలా చేసి చూపించు” అనేవారు. గొంతు పెంచేవారు కాదు, తొందర పెట్టేవారు కాదు, చేతులు కట్టుకుని చూస్తూ ఉండేవారు. సొంతంగా రాసినవాళ్లు తడుముకుంటూనైనా ఏదో ఒకటి చేసేవారు. ఎవరి దగ్గరో తెచ్చుకున్నవాళ్లకు మౌస్ ఎక్కడ పెట్టాలో కూడా తెలిసేది కాదు. నేను చేరిన కొన్ని నెలలకే, 2022 నవంబరు చివర్లో, చాట్‌జీపీటీ వచ్చింది. ఆ తర్వాత ఈ పక్కన కూర్చునే పద్ధతి మిగతా సబ్జెక్టులకూ పాకింది.

కాపీ విషయంలో వాళ్ల పట్టింపు మన ఊహకు అందదు. మొదటి సెమిస్టరులోనే మా బ్యాచ్‌లో కొందరికి కాలేజీ నుంచి హెచ్చరిక ఉత్తరాలు వచ్చాయి. రెండు ప్రోగ్రాముల మధ్య పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. వేరియబుళ్ల పేర్లు మార్చినా, వరసలు అటూ ఇటూ చేసినా వాటికి దొరికిపోతారు. అన్నిటికన్నా మనవాళ్లను కలవరపెట్టింది ఇచ్చినవాడికీ అదే శిక్ష పడటం. స్నేహితుడు అడిగితే రికార్డు ఇవ్వకపోవడం మన దగ్గర మర్యాద తక్కువ. అక్కడ అసైన్‌మెంట్ ఇస్తే ఇద్దరికీ సున్నా, రెండోసారి జరిగితే వ్యవహారం ఇంకా ముదురుతుంది. ఒక అమ్మాయి, క్లాసులో అందరికంటే బాగా రాసేది, రూమ్‌మేట్‌కు ఫైలు పంపినందుకు ఆ సబ్జెక్టు మళ్లీ ఫీజు కట్టి చదవాల్సి వచ్చింది. వీసా ఇంటర్వ్యూ లేని దేశానికి కూడా మీరు మాక్ ప్రశ్నలు సాధన చేయించారు. ఈ ఒక్క ముక్క చెప్పడానికి అయిదు నిమిషాలు సరిపోయేవి.

రెండో ఏడాది నుంచి చదువు రంగు మారింది. పని అంతా బృందాల్లోనే. కోడులో చేసే ప్రతి మార్పునూ నమోదు చేసే గిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో మా కోడు మొత్తం ఉండేది కాబట్టి ఎవరు ఏ రోజు ఏ వరస రాశారో చరిత్రంతా అందులోనే కనిపించేది. నలుగురి పేర్లూ పెట్టి ఒకడు చేసే ప్రాజెక్టుకు అక్కడ చెల్లుబాటు లేదు. మార్కులు కూడా ఎవరివి వాళ్లవే.

చివరి సెమిస్టరులో క్యాప్‌స్టోన్ అనే ముగింపు ప్రాజెక్టు కోసం ఆ ఊళ్లోని ఒక ఫుడ్ బ్యాంకుకు వెబ్‌సైటు చేశాం. పేదలకు సరుకులు పంచే స్వచ్ఛంద సంస్థ అది. వాలంటీర్లు ఏ రోజు ఏ షిఫ్టుకు వస్తారో నమోదు చేసుకోవడం, ముందురోజు గుర్తుచేస్తూ మెయిలు పంపడం, పని ఇంతే. వినడానికి చిన్నదే. మొదటి నమూనా చూపించగానే ఆ సంస్థ నడిపే పెద్దావిడ “04/03 అంటే ఏప్రిల్ మూడా, మార్చి నాలుగా?” అని అడిగారు. మా బృందంలో భారతీయులం రోజు ముందు రాస్తాం. ఆవిడ నెల ముందు చదువుతారు. కెనడాలో రెండు పద్ధతులూ కనిపిస్తాయి. షిఫ్టు తేదీ తప్పుగా చదివితే ఆ రోజు సరుకులు సర్దే మనిషే ఉండరు. నెల పేరు అక్షరాల్లో రాయడంతో ఆ చిక్కు తీరింది.

తర్వాత మెయిళ్ల వంతు. మా గైడు కోడు చదువుతూ, “మార్చి రెండో ఆదివారం ఇది ఏం చేస్తుంది?” అన్నారు. భారతీయులం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. కెనడా కుర్రాడు నవ్వాపుకోలేకపోయాడు. ఆ రోజు తెల్లవారుజామున రెండు గంటలకు అక్కడ గడియారాలు గంట ముందుకు జరుగుతాయి. అప్పటిదాకా అంతర్జాతీయ సమయానికి అయిదు గంటలు వెనక ఉండే ఒంటారియో నాలుగు గంటలు వెనకకు వస్తుంది. అయిదు అని కోడులో స్థిరంగా రాసేస్తే ఉదయం ఎనిమిదికి వెళ్లాల్సిన మెయిలు తొమ్మిదికి వెళుతుంది. దేశమంతా ఏడాది పొడవునా ఒకే గడియారం నడిచే చోట పుట్టినవాళ్లకు ఆ అనుమానం ఎందుకు వస్తుంది?

ఇంకొక సంగతి మాత్రం మేమే వాళ్లకు చెప్పాం. పేరు నమోదు చేసే ఫారంలో మొదటి పేరు, చివరి పేరు రెండూ తప్పనిసరి అని పెట్టారు. కాలేజీ రికార్డుల్లో నన్ను రెండేళ్లపాటు మా ఇంటిపేరుతోనే పిలిచారు. మా తాతగారు వింటే మురిసిపోయేవారేమో గానీ నాకు మాత్రం క్లాసులో ఎవరినో పిలుస్తున్నట్లు ఉండేది. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్న తమిళ మిత్రుడి అవస్థ మరీ ఘోరం. ఫుడ్ బ్యాంకుకు వచ్చే శరణార్థి కుటుంబాల్లోనూ అలాంటి పేర్లు ఉంటాయని చెప్పి, అక్కడ పేరుకు ఒకే ఒక గడి పెట్టించాం. పెద్దావిడ వెంటనే ఒప్పుకున్నారు.

ఈ తేదీలు, గడియారాలు, పేర్లు చిల్లర విషయాల్లా కనిపించవచ్చు. ఇప్పుడు నాకు జీతం వస్తున్నది ఇలాంటి విషయాలు చూసుకుంటున్నందుకే. నన్ను ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేసినవారు డిప్లొమా కాగితం వైపు చూడలేదు, మార్చి ఆదివారం కథను పూర్తిగా చెప్పించుకున్నారు. ఇంత మంచి చదువు మీ బ్రోషరులో ఒక కోడు నంబరుగా, ఒక ఇన్‌టేక్ తేదీగా మాత్రమే ఉండటం నాకు కష్టంగా ఉంది.

ఇక మీరు బాగా ప్రచారం చేసిన విషయాలకు వస్తాను. పని గంటలు. 2022 నవంబరు 15 నుంచి 2024 ఏప్రిల్ 30 వరకు కెనడా ప్రభుత్వం విద్యార్థులకు వారానికి 20 గంటల పరిమితిని తాత్కాలికంగా ఎత్తేసింది. మీ హోర్డింగుల మీద అది “ఫుల్‌టైమ్ పని చేసుకుంటూ చదువు”గా మారింది. రాత్రంతా గోదాములో పెట్టెలు మోసి, పొద్దున డేటాబేస్ క్లాసులో కళ్లు తెరవలేని పిల్లలను నేను చూశాను. థియరీ సబ్జెక్టును పరీక్షల ముందు రాత్రి గట్టెక్కించవచ్చు. ప్రోగ్రామింగ్‌కు ఆ సౌకర్యం లేదు. ఎక్కడో ఒక చిన్న తప్పు పట్టుకోవడానికే ఒక సాయంత్రం ఖర్చవుతుంది. సబ్జెక్టు పోతే విదేశీ విద్యార్థి రేటులో మళ్లీ ఫీజు. చదువు తర్వాత వర్క్ పర్మిట్ రావాలంటే చివరి సెమిస్టరు మినహా ప్రతి సెమిస్టరులోనూ ఫుల్‌టైమ్ విద్యార్థిగా ఉండి తీరాలి. గోదాములో సంపాదించింది ఇటు కాలేజీకే పోయిన కథలు మా అద్దె ఇంట్లోనే ఉన్నాయి. ఆ పరిమితి ఇప్పుడు వారానికి 24 గంటలు. 2024 నవంబరు నుంచి అదే అమల్లో ఉంది.

కోఆప్ మాట మరీ దారుణం. చదువు మధ్యలో కంపెనీలో జీతం తీసుకుంటూ పనిచేసే సెమిస్టరు అది. కోర్సు పేరు పక్కన ఆ మాట కనబడగానే మీరు “ప్లేస్‌మెంట్ ఉంది” అని చెప్పేస్తున్నారు. మన తల్లిదండ్రులకు ప్లేస్‌మెంట్ అంటే కంపెనీలు క్యాంపస్‌కు వచ్చి పిల్లలను ఎత్తుకుపోవడం. మా కాలేజీలో కోఆప్ అంటే నిర్దేశించిన గ్రేడు సగటు తెచ్చుకున్నవారికి దరఖాస్తు చేసుకునే అర్హత, అంతే. రెజ్యూమె దిద్దడానికి ఒక సలహాదారు ఉంటారు. ఉద్యోగం వెతుక్కోవాల్సింది, ఇంటర్వ్యూ గెలవాల్సింది మనమే. 2023లో పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలు మనుషులను తీసేస్తున్న కాలంలో, అనుభవజ్ఞులు కూడా కొత్తవారి ఉద్యోగాలకు పోటీ పడుతున్నప్పుడు, మా తరగతిలో కోఆప్ దొరకనివారే ఎక్కువ. కాలేజీ వెబ్‌సైటులో హామీ లేదని స్పష్టంగానే రాసి ఉంది. అది చదివి వినిపించడమే కదా మీ పని.

డబ్బు విషయం కూడా దాచకుండా మాట్లాడుకుందాం. మీ బోర్డు మీద “ఉచిత కౌన్సెలింగ్” అని ఉంటుంది. మీకు కాలేజీ కమీషన్ ఇస్తుంది. ఒంటారియో ఆడిటర్ జనరల్ 2021 డిసెంబరులో ఇచ్చిన నివేదిక ప్రకారం అక్కడి ప్రభుత్వ కాలేజీలు 2020-21లో ఏజెంట్లకు చెల్లించిన కమీషన్ 11.4 కోట్ల డాలర్లకు పైమాటే. అదే నివేదికలో ఇంకో లెక్క ఉంది. ఆ కాలేజీల విద్యార్థుల్లో విదేశీయులు 30 శాతం, ట్యూషన్ ఫీజు ఆదాయంలో వాళ్ల వాటా 68 శాతం. 2019లో ఒంటారియో ప్రభుత్వం స్థానిక విద్యార్థుల ఫీజును 10 శాతం తగ్గించి అక్కడే ఆపేసింది. కాలేజీలు ఆ లోటును పూడ్చుకోవడానికి విదేశాల వైపు ఇంకా గట్టిగా చేయి చాచాయి. ఆ చేయి మీ ఆఫీసుల దాకా వచ్చింది. కమీషన్ తీసుకోవడం నేరమని నేను అనడం లేదు, ఎవరి వ్యాపారం వారిది. పొలం తాకట్టు పెట్టి అప్పు తెచ్చిన మనిషి ఎదురుగా కూర్చున్నప్పుడు, ఈ కాలేజీ ఎందుకు చూపిస్తున్నారో ఆయనకు తెలియాలి అంటున్నాను. ఎక్కువ కమీషన్ ఇచ్చే కాలేజీ జాబితాలో పైన ఉండి, మంచి ల్యాబులున్న కాలేజీ అసలు జాబితాలోనే లేకపోతే ఆ ఉచితం ఖరీదెంత?

నా తర్వాత వచ్చినవాళ్ల పరిస్థితి ఇంకా ఇబ్బందికరం. 2024 జనవరి 1 నుంచి ఖాతాలో చూపాల్సిన జీవన వ్యయం 10,000 డాలర్ల నుంచి 20,635కు పెరిగింది. అదే నెల 22న స్టడీ పర్మిట్ల (విదేశీ విద్యార్థులకు ఇచ్చే చదువు అనుమతుల) సంఖ్యకు పరిమితి ప్రకటించారు. ప్రభుత్వ కాలేజీ పేరుతో ప్రైవేటు భాగస్వామి భవనంలో నడిచే కోర్సుల్లో మే 15 తర్వాత చేరినవారికి వర్క్ పర్మిట్ లేకుండా పోయింది. నవంబరు 1 నుంచి కాలేజీ డిప్లొమాలకు ఏ రంగంలో చదివారన్న షరతు వచ్చి చేరింది. కంప్యూటర్ కోర్సులు దాన్ని గట్టెక్కాయి, ఎన్నో బిజినెస్ కోర్సులు ఎక్కలేదు. 2025 ఫిబ్రవరిలో, పీఆర్‌కు పాయింట్ల లెక్కన మనుషులను ఎంచుకునే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలోని స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) విభాగం నుంచి సాఫ్ట్‌వేర్ డెవలపర్ల వంటి ఉద్యోగాలను తీసేశారు. మార్చిలో ఉద్యోగ ఆఫర్‌కు ఇచ్చే అదనపు పాయింట్లు కూడా పోయాయి. మీరు మా నాన్నగారికి చూపించిన పాయింట్ల లెక్కలో ఇప్పుడు నిలిచేది ఎంతో మీరే చూసుకోండి.

నిబంధనలు మారడం మీ చేతిలో లేదు, నాకు తెలుసు. మారవని నమ్మబలకడం మాత్రం మీ చేతిలోనే ఉంది. కెనడా బిగుసుకోగానే మీ బోర్డుల మీద జర్మనీ, ఐర్లండు, దుబాయి పేర్లు వచ్చాయి. అదే టేబుల్, అవే ప్రశ్నలు. ఈ నెలలో మీ ఆఫీసుకు వచ్చే పిల్లాడికి కూడా బెర్లిన్‌లో ఏం చదువుతాడో చెప్పకుండా, ఎన్ని గంటలు పనిచేయవచ్చో చెబుతున్నారని వింటున్నాను.

నేను కోరేది పెద్ద సంస్కరణ కాదు. కాలేజీకి డబ్బు కట్టించేముందు ఆ కోర్సు సబ్జెక్టుల పట్టికను విద్యార్థి చేతిలో పెట్టండి. ప్రతి కాలేజీ దాన్ని తన వెబ్‌సైటులో పెడుతుంది, మీరు అచ్చు తీయడమే ఆలస్యం. దాన్ని విద్యార్థితో తెలుగులో చదివించండి. ప్రోగ్రామింగ్ కోర్సు అయితే ఇంటర్‌నెట్‌లో ఉచితంగా దొరికే ఏదో ఒక మొదటి పాఠం ఇచ్చి ఒక వారం చేసి రమ్మనండి. ఆ వారమంతా తిట్టుకుంటూ చేసినవాణ్ణి హోటల్ మేనేజ్‌మెంటుకో, వెల్డింగుకో పంపినా సుఖపడతాడు. కోఆప్‌కు హామీ లేదన్న వాక్యం కింద తల్లిదండ్రుల సంతకం తీసుకోండి. ఆ కాలేజీ నుంచి మీకు కమీషన్ వస్తుందో లేదో అదే కాగితం మీద రాయండి. పర్మిట్ల నిబంధనలు ఏ తేదీ నాటివో కూడా రాయండి, రేపు మారితే మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టరు.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలకూ ఇందులో పని ఉంది. పంజాబ్‌లో 2012 నాటి చట్టం కింద కన్సల్టెన్సీలకు, ఐఈఎల్‌టీఎస్ కోచింగ్ కేంద్రాలకు లైసెన్సు ఉండాలి. కెనడాలో మానిటోబా రాష్ట్రం, తన కాలేజీల తరఫున విద్యార్థులను చేర్చే ఏజెంట్ల ప్రవర్తనకు కాలేజీలనే బాధ్యులను చేస్తూ 2016 నుంచి ఒక చట్టాన్ని అమలు చేస్తోంది. చట్టాలు ఉన్నంత మాత్రాన అక్కడ మోసాలు ఆగిపోలేదు, ఆ సంగతి అందరికీ తెలిసిందే. ఫిర్యాదు చేయడానికి ఒక గుమ్మం అయినా ఉంటుంది. కానీ ఆ చర్చ అసెంబ్లీలో తెమిలేదాకా మీరు ఆగనక్కర్లేదు. నేను చెప్పిన ఒక్క కాగితానికి ఏ ప్రభుత్వ అనుమతీ అవసరం లేదు.

మీలో నిజాయతీగా పనిచేసేవారు ఉన్నారని నాకు తెలుసు. మా ఊరి నుంచి ఫారాలు నింపుకుని, బ్యాంకు చుట్టూ తిరిగి, సొంతంగా దరఖాస్తు పెట్టుకోగల కుటుంబాలు తక్కువ. మీరు లేకపోతే నేనూ వెళ్లగలిగేవాణ్ణి కాదేమో. అందుకే ఈ ఉత్తరం పోలీసులకు కాకుండా మీకు రాస్తున్నాను.

వచ్చే సెప్టెంబరుకు మా ఊరి పిల్లలు ఇద్దరు బయలుదేరాలని చూస్తున్నారు. ఒకడు మెకానికల్, ఇంకో అమ్మాయి బీకామ్. ఎక్కడికి వెళ్లమంటావని నన్ను అడుగుతున్నారు. మీలో ఎవరైనా అలాంటి కాగితం తయారుచేస్తే నాకొక ప్రతి పంపండి. వాళ్లను మీ దగ్గరికే పంపిస్తాను.

ఇట్లు,
ఖమ్మం జిల్లా నుంచి వెళ్లిన ఒక పూర్వ విద్యార్థి
ఒంటారియో, కెనడా